నిదానమే ప్రధానం – నల్లరేగడిలో చైను ట్రాక్టరు



తెలుగులో "నిదానం" అనే మాట రెండు విధాల బ్రతుకుతున్నది. వాడుకలో దానికి తొందరపడకపోవడమని అర్థం. ఆయుర్వేదంలో రోగకారణాన్ని నిర్ణయించడమని అర్థం. మాధవకరుడు రచించిన "రోగవినిశ్చయం" అనే గ్రంథానికి లోకంలో "మాధవనిదానం" అనే పేరే నిలిచినది. "నిదానమే ప్రధానం" అనే సామెతను మనం మొదటి అర్థంలోనే వాడుతాము గాని, రెండవ అర్థంలోనూ అది అంతే నిజం.

ఈ రెండర్థాలూ కలిసి పనిచేసిన చోటు ఒకటి మన కర్నూలు, కడప సీమల చరిత్రలో ఉన్నది. అది వైద్యశాల కాదు. నల్లరేగడి చేలగట్ల మీదా, నంద్యాల, ప్రొద్దుటూరు వంటి ఊళ్లలో రోడ్డుపక్క షెడ్లలోనూ, కదలక మొరాయించిన పాత చైను ట్రాక్టరు చుట్టూ జరిగిన పని అది. ఇంజను గట్టిగా మోగుతూనే ఉంటుంది, బండి మాత్రం కదలదు. ఆ బలమంతా ఎక్కడ పోతున్నది? ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టే విద్యను గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అయితే ఆ యంత్రం ఈ నేలకు ఎందుకు వచ్చినదో ముందు చెప్పుకుంటే గాని ఆ విద్య విలువ తెలియదు.

పెద్ద మడక

నల్లమల, ఎర్రమల కొండల నడుమ కుందూనది పారే లోయలో నంద్యాల, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ ప్రాంతాలున్నాయి. ఆ నది దక్షిణంగా సాగి కడప సీమలో పెన్నలో కలుస్తుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాలలోనూ, పడమట ఆదోని, ఆలూరు వైపునా ఇదే రేగడి. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ధారపోసిన తరువాత దీనికి దత్తమండలాలనే పేరు వచ్చినది. 1928లో నంద్యాల ఆంధ్రమహాసభలో చిలుకూరి నారాయణరావుగారు ప్రతిపాదించగా రాయలసీమ అనే పేరు నిలిచినది.

రేగడి స్వభావం రైతుకు తెలుసు. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. ఎండితే నెర్రెలు విచ్చుకొని మనిషి చెయ్యి దూరేంత పగులుతుంది. తేమను లోపల చాలాకాలం దాచుకోగలదు కాబట్టి వాన తక్కువైన సీమలో ఇదే బంగారం. మామూలు సంవత్సరాలలో రైతు దీనిని లోతుగా దున్నడు; గుంటకతో పైపొర కదిపి, పదును చూసి గొర్రుతో విత్తుతాడు. చిక్కంతా గడ్డితోనే. గరిక, తుంగ, రెల్లు ఒకసారి రేగడిలో వేళ్లు దింపితే గుంటకకు లొంగవు. పైన కోసిన కొద్దీ కింద బలుస్తాయి. ప్రబంధకవులు శరదృతువర్ణనలో మురిపెంగా చెప్పే కాశపుష్పం ఈ రెల్లు పువ్వే. మేము తరగతిలో దాని తెల్లదనాన్ని కీర్తికి ఉపమానంగా చెప్పేవాళ్లం; తరగతిలో కూర్చున్న రైతుబిడ్డలకు మాత్రం అది బీడుపడిన చేను గుర్తు.

ఆ గడ్డిని వేళ్లతో పెకలించడానికి మన పూర్వులు చేసికొన్న సాధనం పెద్ద మడక. ఈ సీమలో నాగలిని మడక అంటారని మిత్రులకు తెలిసినదే. మామూలు మడకకు ఒక జత ఎడ్లు చాలు. పెద్ద మడకకు ఆరేడు జతలు కట్టవలసి వచ్చేది. ఒక రైతు దొడ్డిలో అన్ని ఎడ్లు ఉండవు కనుక నలుగురైదుగురు కలిసి ఒకరి చేను తరువాత ఒకరి చేను దున్నుకొనేవారు. ఒకసారి అలా తిరగవేస్తే చాలా ఏండ్లు మళ్లీ లోతు దుక్కి అక్కర ఉండేది కాదు. అంటే గడ్డి మీది గెలుపు ఊరిలోని ఎడ్ల సంఖ్య మీదా, ఊరి ఐకమత్యం మీదా ఆధారపడినది.

కరువు ఈ రెంటినీ దెబ్బ కొట్టేది. 1876–78 నాటి ధాత కరువు ఈ సీమలో మనుషులనూ పశువులనూ కలిపి తుడిచిపెట్టినది. ఎడ్లు పోయిన ఊరిలో పెద్ద మడక అటకెక్కుతుంది. అది అటకెక్కిన చేనిలోకి గరిక, రెల్లు దిగుతాయి. కరువు పోయినా బీడు పోదు. ట్రాక్టరు ఈ సీమకు ఎందుకు కావలసి వచ్చినదో చెప్పడానికి ఈ ఒక్క వరుస చాలు: ఎడ్లు తక్కువ, గడ్డి లోతు, నేల మెత్తన.

గొలుసు కాళ్ల బండి

మెత్తని నేలలో బరువైన చక్రం దిగబడుతుంది. ఈ చిక్కు మనకు మాత్రమే లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు స్టాక్‌టన్ దగ్గర నదీముఖ భూములలో ఆవిరి ట్రాక్టర్లు దిగబడిపోతుంటే బెంజమిన్ హోల్ట్ అనే తయారీదారు చక్రాలు తీసివేసి గొలుసులాంటి పట్టీలు తగిలించి 1904 నవంబరులో నడిపి చూశాడు. గొంగళిపురుగు పాకినట్లున్నదని దానికి కాటర్‌పిల్లర్ అనే పేరు పడినది. 1925లో హోల్ట్, బెస్ట్ కంపెనీలు కలిసి ఆ పేరుతోనే ఒకే సంస్థ అయినవి. 1931లో డీజిల్ ఇంజను గల మొదటి నమూనా వచ్చినది. పది పన్నెండు టన్నుల బండి బరువు రెండు పొడవాటి చైనుల మీద పరుచుకుంటుంది కాబట్టి, అది నేలను నొక్కే ఒత్తిడి నిలబడిన మనిషి పాదం నొక్కే ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. రేగడికి కావలసినది అదే.

మన దేశానికి ఈ బండ్లు పెద్దసంఖ్యలో రెండవ ప్రపంచయుద్ధంతో వచ్చినవి. అస్సాం నుండి బర్మాలోకి లెడో రోడ్డు వేసిన అమెరికా సైన్యం వాడిన కాటర్‌పిల్లర్ డి-7 వంటి బండ్లు యుద్ధం ముగిశాక ఇక్కడే మిగిలి అమ్మకానికి వచ్చినవి. అలాంటి బండ్లతోనే కేంద్రప్రభుత్వపు సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ పని మొదలుపెట్టినది. మధ్యభారతపు రేగడిలో రెల్లును పెకలించడం దాని ముఖ్యమైన పని. 1949లో ప్రపంచబ్యాంకు మన దేశానికిచ్చిన రెండవ అప్పు, కోటి డాలర్లు, ఇందుకోసమే. మొదటి అప్పు రైళ్లకు, రెండవది గడ్డి మీద యుద్ధానికి! కాశపుష్పానికి ఇంత ఖరీదు ఉన్నదని ఏ ఆలంకారికుడూ ఊహించి ఉండడు.

మన వైపు ఈ యంత్రాలకు మరి రెండు పనులు దొరికినవి. ఒకటి వాలుకు అడ్డంగా సమమట్టపు గట్లు వేయడం. బళ్లారి దగ్గర హగరి పరిశోధనక్షేత్రంలో 1930ల నుండి మెట్టసేద్యపు ప్రయోగాలు జరిగినవి. మద్రాసు ప్రభుత్వం 1949లో ఇలాంటి గట్ల కోసం ప్రత్యేకంగా ఒక చట్టమే చేసినది. రెండవది ప్రాజెక్టుల పని. తుంగభద్ర ఆనకట్ట 1945లో మొదలై 1953లో నీళ్లిచ్చినది. అదే 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుండి కర్నూలులో చేరినవి. ఆయకట్టు చదును చేయడానికీ, కాలువలు తవ్వడానికీ చైను బండ్లు కావలసి వచ్చినవి. తరువాత శ్రీశైలం, 1983లో మొదలైన తెలుగుగంగ, కడప సీమలో మంగంపేట ముగ్గురాయి గనులు – ఇలా వీటికి పని దొరుకుతూనే వచ్చినది. 1964లో భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ ఏర్పడి, మన పొరుగున ఉన్న కోలారు బంగారు గనుల పట్టణంలో జపాను కోమాత్సు వారి నమూనాలతో డోజర్లు తయారు చేయసాగినది.

ఒక ప్రాజెక్టు ముగిసినప్పుడల్లా పాత బండ్లు వేలానికి వచ్చేవి. వాటిని కొన్నవారు గంటల లెక్కన రైతులకు బాడుగకు తిప్పేవారు. అంటే రేగడి రైతు చేలోకి వచ్చిన చైను ట్రాక్టరు చాలాసార్లు అప్పటికే ఒక యుద్ధమో, ఒక ఆనకట్టో చూసి అరిగిన బండి. దానికి జబ్బులు రావడం వింత కాదు. ఆ జబ్బుల పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది. బండితోపాటు అది కూడా చేతికి వచ్చేది తక్కువ. వచ్చినా చదివేవారు తక్కువ. 1943లో ఏర్పడిన సైనిక మెకానికల్ దళంలో పని నేర్చినవారూ, ప్రాజెక్టు కర్మశాలలలో కూలీలుగా చేరి చేయి తిరిగినవారూ, వారి దగ్గర పానాలు అందిస్తూ పెరిగిన పిల్లలూ – ఇదీ ఆ విద్య నడిచిన గురుపరంపర.

బలం నడిచే దారి

ఇంజనుకూ చైనుకూ నడుమనున్న భాగాలన్నింటినీ కలిపి పుస్తకాలలో ట్రాన్స్‌మిషన్ అంటారు. మన వాడుకలో వాటన్నింటికీ "గేరుబాక్సు" అనే ఒకే మాట. సగం చిక్కు ఈ మాటలోనే ఉన్నది. పేరు ఒకటే కావడంతో, ఎక్కడ జబ్బు వచ్చినా గేరుబాక్సు విప్పాలనే తొందర పుడుతుంది.

నిజానికి ఆ దారిలో ఆరు మజిలీలున్నాయి. మొదటిది ఇంజను క్లచ్చి. పాత బండ్లలో దీనిని కాలితో కాక చేతిలివరుతో పట్టిస్తారు. రెండవది గేర్లు. మూడవది బెవెల్ గేరు. ముందు నుండి వచ్చే తిరుగుడును ఇది అడ్డంగా మళ్లిస్తుంది. అక్కడ బలం రెండుగా చీలుతుంది. నాలుగవది కుడి ఎడమలకు ఒక్కొక్కటిగా ఉండే స్టీరింగు క్లచ్చి. చైను బండికి స్టీరింగు చక్రం ఉండదు. ఏ వైపు తిరగాలో ఆ వైపు క్లచ్చిని విడిపించి, అవసరమైతే ఆ వైపు బ్రేకు తొక్కుతారు. అయిదవది ఫైనల్ డ్రైవు; ఇక్కడ వేగం తగ్గి బలం పెరుగుతుంది. ఆరవది చైనును లాగే పళ్లచక్రం.

ఈ ఆరింటిలో బలం చీలే చోటును మనసులో పెట్టుకుంటే నిదానం సగం పూర్తయినట్లే. జబ్బు రెండు చైనులకూ సమంగా ఉంటే అది చీలికకు ముందున్నది. ఒక చైనుకే ఉంటే చీలిక తరువాత ఉన్నది. ఇంత చిన్న సూత్రాన్ని పట్టించుకోక విప్పినందుకు నష్టపోయిన రైతులు ఎందరో.

అయిదు మెట్లు

ఆయుర్వేదంలో రోగనిర్ణయానికి నిదానపంచకమని అయిదు సాధనాలు చెప్తారు: నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. మంచి మెకానిక్కులు ఈ పేర్లు వినలేదు. కాని వారు పనిచేసే వరుస గమనిస్తే ఇదే.

నిదానం అంటే కారణం, జబ్బుకు ముందటి నడవడి. మంచి మెకానిక్కు మొదట పానా తీయడు, ప్రశ్నలు వేస్తాడు. బండి ఎన్నాళ్లు నిలిచి ఉన్నది? వానలో తడిసినదా? నూనె ఎప్పుడు మార్చారు, ఏ నూనె పోశారు? చివరిసారి ఏ భాగం విప్పారు? జబ్బు ఒక్కసారిగా వచ్చినదా, మెల్లగా ముదిరినదా? ఒక్కసారిగా వస్తే విరుగుడు. మెల్లగా వస్తే అరుగుడు. ఈ ఒక్క తేడా సగం అనుమానాలను కొట్టివేస్తుంది.

పూర్వరూపం అంటే జబ్బు బయటపడకముందు కనిపించే చిహ్నాలు. ఇంజను క్లచ్చి లివరు ఆరోగ్యంగా ఉన్నప్పుడు గట్టిగా ఎదురు తిరిగి, ఒక హద్దు దాటగానే "టక్కు"మని పడుతుంది. ఆ టక్కు మెత్తబడినదంటే ప్లేట్లు అరుగుతున్నాయన్నమాట. మూత విప్పి సర్దుబాటు రింగు కొద్దిగా తిప్పితే ఆనాటికి సరిపోతుంది. పట్టించుకోకపోతే జారి, వేడెక్కి, ప్లేట్లు కాలిపోతాయి. గేరు వేసేటప్పుడు పళ్లు కరకరమంటే, క్లచ్చి పూర్తిగా విడవడం లేదన్నా ఉండాలి, దాని వెనుక తిరుగుడును ఆపే చిన్న బ్రేకు అరిగినదన్నా ఉండాలి. గేరు పళ్ల దోషం అప్పటికి ఇంకా లేదు. అలాగే నడిపితే మాత్రం వస్తుంది.

రూపం అంటే స్పష్టమైన లక్షణం. ఇక్కడ చెవి పని ఎక్కువ. మడక దిగిన తరువాత బండి ఆగిపోయినదనుకుందాం. ఇంజను గొంతు కూడా అణగారిపోతే జబ్బు ఇంజనుది, లేదా దుక్కి లోతు ఎక్కువైనది. ఇంజను గొంతు తగ్గకుండా బండి మాత్రమే ఆగితే ఎక్కడో జారుతున్నది. ఒక వైపే లాగుతున్నదా? బండి ఎడమకు తిరిగిపోతుంటే ఎడమ చైను వెనుకబడుతున్నదన్నమాట. ఎడమ స్టీరింగు క్లచ్చిని అనుమానించాలి.

శబ్దానికి కూడా ఒక వరుస ఉన్నది. ఒక్క గేరులోనే శబ్దం వస్తే ఆ గేరు జతదే దోషం. అన్ని గేర్లలోనూ వస్తే బెవెల్ గేరునో, బేరింగులనో చూడాలి. గేరు వేసి, రెండు స్టీరింగు లివర్లనూ ఒకేసారి లాగి పట్టుకుంటే గేర్లు తిరుగుతుంటాయి, చైనులు ఆగిపోతాయి. అప్పుడు శబ్దం కూడా ఆగితే దోషం ఫైనల్ డ్రైవు వైపు. ఆగకపోతే ముందువైపు. ఒక్క చుక్క నూనె కారకుండా, ఒక్క బోల్టు విప్పకుండా బండిని రెండు ముక్కలుగా విభజించి చూసే పరీక్ష ఇది. గేరు తనంతట తానే జారి బయటికి వస్తుంటే, దానిని పట్టి నిలిపే గుంటలూ, స్ప్రింగులూ, ఫోర్కులూ, పళ్ల అంచులూ వరుసగా చూస్తారు.

ఉపశయం అంటే చిన్న చికిత్స చేసి, గుణం కనిపిస్తే జబ్బును నిర్ధారించడం. లివరుకు కొన్ని అంగుళాల ఖాళీ ఆట ఉండాలి. అది లేకపోతే క్లచ్చి ఎప్పుడూ సగం విడిచే ఉంటుంది. ముందు ఆ ఆటను సర్ది చూస్తారు. తరువాత పొడి క్లచ్చిలున్న బండ్లలో స్టీరింగు క్లచ్చి అర కింద ఉండే ప్లగ్గు తీస్తారు. అందులోంచి నూనె కారితే, పక్కనున్న బెవెల్ అర నుండో ఫైనల్ డ్రైవు నుండో సీలు గుండా నూనె లోపలికి వచ్చి ప్లేట్లను జారుస్తున్నదన్నమాట. కిరసనాయిలు పోసి, లివర్లు లాగుతూ విడుస్తూ కడిగి, ఆరనిచ్చి నడిపితే కొన్నాళ్లు పట్టు వస్తుంది. పట్టు వచ్చినదంటే ప్లేట్లు ఇంకా బ్రతికే ఉన్నాయి, మార్చవలసినది సీలు మాత్రమే. ఎంత ఖర్చు తప్పుతుందో చూడండి.

చివరిది సంప్రాప్తి, జబ్బు ఏ దారిన ముదిరినదో తెలుసుకోవడం. దీనికి సాక్ష్యం పాత నూనె. దానిని తెల్లని పళ్లెంలో పోసి, గుడ్డ చుట్టిన అయస్కాంతం తిప్పుతారు. అయస్కాంతానికి అంటిన మెత్తని బూడిదపొడి మామూలు అరుగుడు. పెళుసు రేకులు, ముక్కలు పళ్లవో బేరింగులవో. అయస్కాంతానికి అంటని పసుపు మెరుపు కంచు బుష్షులది. నూనె మజ్జిగలాగ ఉంటే నీళ్లు చేరినవి. ఈ అయిదు మెట్లూ ఎక్కిన తరువాతనే విప్పడం.

1950ల చివర నుండి టార్క్ కన్వర్టరు, నూనె ఒత్తిడితో పట్టే గేర్లు గల పెద్ద డోజర్లు వచ్చినవి. వాటిలో "టక్కు" లేదు, కరకర లేదు. చెవికి బదులు ఒత్తిడి కొలిచే మీటరు. అయినా తర్కం మారలేదు. అన్ని గేర్లలోనూ ఒత్తిడి తక్కువైతే పంపు, ఫిల్టరు, నూనె మట్టం వంటి ఉమ్మడి భాగాలు చూడాలి. ఒక్క గేరులోనే తక్కువైతే ఆ గేరు క్లచ్చి సీళ్లు చూడాలి. నూనె నురగ కడితే పంపు పీల్చే వైపు ఎక్కడో గాలి దూరుతున్నది. ఇక్కడా ఉమ్మడిది ముందు, విడిది తరువాత.

ఒక వేసవి పోయిన కథ

విప్పే తొందర వల్ల కలిగే నష్టం ఎంతటిదో చెప్పడానికి ఒక ఉదాహరణ. ఊరి పేరు, షెడ్డు పేరు అక్కరలేదు. ఒక రైతు బీడుపడిన రేగడిని తిరగవేయడానికి బాడుగ చైను ట్రాక్టరు మాట్లాడుకున్నాడు. లోతు దుక్కికి వేసవే అదను. పెకలించిన వేళ్లు ఎండకు మాడాలి. రెండవ రోజే బండి బరువు పడగానే ఎడమకు పోసాగినది. షెడ్డువారు వచ్చి "గేరుబాక్సు పోయింది" అన్నారు. సీటు తీశారు, డీజిలు ట్యాంకు దింపారు, బెవెల్ గేరు దాకా విప్పారు. సామాను కోసం పట్నాలు తిరిగారు. అంతలో తొలకరి వచ్చినది. తడిసిన రేగడిలో పెకలించిన గడ్డి మళ్లీ నాటుకుంటుంది తప్ప చావదు. ఆ ఏడాది దుక్కి లేదు, బయానా తిరిగి రాలేదు.

తరువాత వచ్చిన ఒక ముసలి మెకానిక్కు లివరు చేత్తో కదిపి చూశాడు. ఎడమ లివరుకు ఆట లేదు. పాదాల కింది రేకు ఎత్తి చూస్తే, లివరు కడ్డీల నడుమ ఎండిన రేగడిమట్టి రాయిలా బిగుసుకుని ఉన్నది. అది కడ్డీని కొద్దిగా లాగిపట్టినది. క్లచ్చి సగం విడిచే ఉన్నది. గడ్డపారతో మట్టి పొడిచి తీసి, ఆట సర్దితే బండి తిన్నగా నడిచినది. ఆ రోగానికి మందు ఒక పూట పని. తప్పు నిదానానికి వెల ఒక వేసవి.

ఇది షెడ్డువారి అజ్ఞానమని తోసివేయలేము. వారికి పని వచ్చు. వారికి లేనిది వరుస. చౌకైనదీ, బయట ఉన్నదీ ముందు. ఖరీదైనదీ, లోపల ఉన్నదీ చివర. ఎడమకే లాగుతున్న బండిలో చీలికకు ముందున్న భాగాలను విప్పవలసిన పని లేదని ఆ ఆరు మజిలీల వరుసే చెప్పి ఉండేది.

కరువు ఇనుముకు కూడా

రాయలసీమకు ప్రత్యేకమైన జబ్బు ఒకటి చెప్పాలి. చైను ట్రాక్టరు పనిచేయడం వల్ల అరుగుతుంది. పనిచేయకపోవడం వల్ల పట్టేస్తుంది. కరువు సంవత్సరంలో బాడుగ లేక బండి నెలల తరబడి ఆరుబయట నిలుస్తుంది. ఒక్క తుపానువాన లోపలికి దిగితే చాలు, పొడి స్టీరింగు క్లచ్చి ప్లేట్లు తుప్పుతో ఒకదానికొకటి అంటుకుపోతాయి. మరుసటి ఏడు బండి తీస్తే తిన్నగా పోతుంది గాని, లివరు ఎంత లాగినా తిరగదు. ఇది జారుడుకు సరిగ్గా వ్యతిరేకమైన జబ్బు. అక్కడ పట్టదు, ఇక్కడ విడవదు. తెలియనివారు రెండింటికీ ఒకే మందు వేస్తారు. తెలిసినవారు లివరు లాగి కట్టి ఉంచి, జాగ్రత్తగా ఆ వైపు బ్రేకు పట్టి, ముందుకూ వెనక్కూ నడిపి ప్లేట్లను విడదీయ చూస్తారు, కుదరకపోతేనే విప్పుతారు. ధాత కరువులో ఎడ్లు పోయి పెద్ద మడక ఆగినది. తరువాతి కరువులలో బండి బ్రతికే ఉండి తుప్పుతో ఆగినది. ఈ నేల మీద ఏ సాధనమూ కరువును తప్పించుకోలేదు.

పదకోశంలోకి రాని మాటలు

1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో "మాండలిక వృత్తిపదకోశం" మొదటి సంపుటాన్ని ప్రచురించినది. అది వ్యవసాయ పదాలది. ఊరూరా తిరిగి, రైతుల నోట విని, మడకకూ నాగలికీ అరకకూ ఉన్న ప్రతి భాగపు పేరును ఏ ప్రాంతంలో ఏమంటారో సేకరించిన మహత్తరమైన పని అది. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చినది. ఎడ్లు, మడక తగ్గిపోతున్న కాలంలో వాటి మాటలు అలా నిలిచినవి.

అదే కాలంలో మన షెడ్లలో మరొక పరిభాష పుడుతున్నది. "క్లచ్చి జారుతున్నది", "పట్టడం లేదు", "విడవడం లేదు", "గేరు ఎగిరిపోతున్నది", "పళ్లు కొరుకుతున్నవి", "ఫైనలు ఏడుస్తున్నది" – ఈ క్రియలు గమనించండి. భాగాల పేర్లన్నీ పరాయివే. జబ్బుల పేర్లన్నీ తెలుగే. నామవాచకాలను అరువు తెచ్చుకున్న మెకానిక్కు క్రియలను తన ఇంటి నుండి తెచ్చుకున్నాడు. జారడం, పట్టడం, విడవడం – ఈ మూడు క్రియల తేడా తెలిస్తే పైన చెప్పిన నిదానమంతా తెలిసినట్లే. ఆ తేడాను చెరిపివేసి అన్నింటినీ "గేరుబాక్సు పోయింది" అనే ఒక్క వాక్యంలో పడేసినప్పుడే ఆ రైతుకు వేసవి పోయినది. మాట కచ్చితంగా ఉంటే పని కచ్చితంగా ఉంటుందని పండితులు చెప్తే ఛాందసమంటారు. ఈ విషయంలో మాత్రం రూపాయలతో సహా రుజువున్నది.

ఇప్పుడు ఆ పాత బండ్లు అరుదైపోయినవి. పొలం చదునుకూ, కాలువ తవ్వడానికీ జేసీబీ, ఎక్స్‌కవేటరు వస్తున్నవి. కొత్త యంత్రాలలో దోషాన్ని తెర మీది అంకెలే చెప్తున్నవి. అది మంచిదే. కాని అంకె చూసి భాగం మార్చడం వేరు, గొంతు విని కారణం కనిపెట్టడం వేరు. రెండవ విద్య నేర్చినవారు నా వయసువారో, నాకంటె పెద్దలో. వారి దగ్గర పుస్తకాలు లేవు. వారు రాసిపెట్టినదీ లేదు. మడక మాటలకు ఒక పదకోశం దక్కినది. చైను ట్రాక్టరు మాటలకు దక్కలేదు.

నేను ఒక నోటుపుస్తకంలో ఇప్పటికి నూటికి పైగా మాటలు రాసుకున్నాను. ఒక్కొక్క మాటకు ఎదురుగా అది ఏ జబ్బును చెప్తుందో, దాని నుండి వేరు చేయవలసిన జబ్బు ఏదో రాస్తున్నాను. మిత్రుల ఊళ్లలో, ఆదోని వైపు గాని, జమ్మలమడుగు వైపు గాని, తుంగభద్ర, శ్రీశైలం కర్మశాలలలో పనిచేసిన పెద్దలు ఉంటే వారి దగ్గర కూర్చుని వినండి. "జారుడు"కు మీ వైపు వేరే మాట ఉన్నదా? తుప్పుతో ప్లేట్లు అంటుకుపోవడాన్ని ఏమంటారు? తెలిసినది ఇక్కడ రాస్తే నా పట్టికలో ఊరి పేరుతో సహా చేర్చుకుంటాను.

సెలవు.